ఇరవై ఆరుకు ఒకటి కలిపితే

మంచిర్యాలలో ప్యాసింజరు ఎక్కేటప్పుడే గట్టిగా అనుకున్నాను, పెద్దపల్లి వచ్చేదాకా నోట్సు తెరవనని, ఇరవై ఏడు జోలికి పోనని. గోదావరి బ్రిడ్జి రాకముందే తెరిచాను. మూశాను. మళ్లీ తెరిచాను. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు, ఇరవై ఏడులో ఇరవై ఆరు పోతే ఒకటి, ఎన్నిసార్లు తీసేసినా ఒకటే, ఇంక దానికి నేనేం చేసేది. రెండో తరగతి పిల్లలు చేసే తీసివేత కోసం ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదివే ఆడపిల్ల మూడు రోజులుగా అన్నం సహించక తిరుగుతోందంటే నవ్వుతారు. నవ్వనీ. పెద్దపల్లిలో కిషన్‌రావు సార్ ఎక్కుతారు. శనివారం సుల్తానాబాద్ ఇంటికి పోయి సోమవారం పొద్దున ఇదే బండికి, ఇంజను నుంచి మూడో బోగీలో ఎక్కుతారు, నేను ఊరికి వచ్చిన వారాల్లో అందులోనే ఉంటానని ఆయనకు తెలుసు, కనపడకపోతే తలుపు దగ్గర నిలబడి వెతుకుతారు. మరి నాలుగో బోగీ ఎక్కి ఉండొచ్చు కదా అనసూర్యా, ఎవరు వద్దన్నారు నిన్ను. కాళ్లకు అలవాటైపోయింది, మూడోదానికే పోయాయి. కాజీపేటలో దిగి యూనివర్సిటీకి పోతే పదకొండున్నరకు ఆయన ఆఖరి క్లాసు. ఈ మార్చి ముప్పై ఒకటితో రిటైరవుతున్నారు. డిపార్ట్‌మెంటంతా వచ్చి కూర్చుంటుంది. ఆ క్లాసులో బోర్డు ముందు నిలబడి ఆయన సొంత సిద్ధాంతాన్ని చెప్పాల్సింది నేను. ఆ సిద్ధాంతం తప్పు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు, పెద్దపల్లికి ఇంకా గంట ఉంది, ఆలోగా సార్‌కు చెప్పాలో వద్దో తేల్చుకోవాలి.

తప్పు అని మనసులో అనుకోవడానికే ఒక రోజు పట్టింది. ఆయన తప్పు చెయ్యడమేమిటి, నా కళ్లకే ఏదో అయిందనుకున్నాను. ఆల్జీబ్రాయిక్ నంబర్ థియరీ పేపరు తీసుకున్నది ఇద్దరమే, నేను, రాజం. మిగతా వాళ్లంతా గైడ్లు దొరికే పేపర్ల వైపు పోయారు, తెలివిగలవాళ్లు. ఇద్దరి కోసం పేపరు నడపడం కష్టమని ఆఫీసులో అంటే సార్ వాదన పెట్టుకోలేదు, టైంటేబుల్లో లేని పొద్దున ఏడు గంటలకు క్లాసు పెట్టుకున్నారు. "ఇద్దరంటే శానా ఎక్కువమ్మా, ఒక్కలున్నా చెప్త," అన్నారు. రాజం సగం రోజులు రాడు, వచ్చిన రోజు నిద్రపోతాడు, కాబట్టి నిజంగానే ఒక్కదానికే చెప్పారు రెండేళ్లు. లైబ్రరీలో పుస్తకం ఒకటే కాపీ, దాని నడుమ పదహారు పేజీలు లేవు, ఎవరో చింపుకుపోయారు. అంటే ఆ పేజీల కోసం కక్కుర్తి పడిన మనిషి ఈ జిల్లాల్లో ఇంకొకడు ఉన్నాడన్నమాట, దొరికితే ముందు దండం పెట్టి తర్వాత తిట్టేదాన్ని. అందుకని సార్ చేత్తో రాసి సైక్లోస్టైల్ తీయించిన నోట్సే మాకు పుస్తకం. మొదటి రోజు బోర్డు మీద ఆరు వేశారు. "ఆరు ఎన్ని తీర్ల పలుగుతది చెప్పు?" రెండు మూళ్లు ఆరు, ఇంకెన్ని తీర్లు సార్ అన్నాను. మైనస్ అయిదు వర్గమూలాన్ని కూడా అంకెల్లోకి రానిచ్చి చూడమన్నారు. ఒకటికి ఆ మూలం కలిపింది ఒకటి, ఒకటిలోంచి ఆ మూలం తీసింది ఒకటి, రెండూ గుణించమన్నారు. గుణించాను. ఆరే వచ్చింది. సంఖ్య ఒక్క తీరుగానే పగులుతుందని ఎక్కడపడితే అక్కడ నమ్మకండి, ఈ పేపరంతా ఇదేనన్నారు. హాస్టలుకు నడుస్తుంటే తలతిరిగినట్టుంది, సంతోషంగానూ ఉంది, ఇన్నాళ్లూ నాకు ఎవ్వరూ ఈ మాట ఎందుకు చెప్పలేదని కోపంగానూ ఉంది. అంత చెప్పిన మనిషి తనే నమ్మేశారు. నాకు ఏడుపొచ్చేది అక్కడే.

ఆయన సిద్ధాంతం చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంటుంది, అదే వచ్చింది నా ప్రాణానికి. ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వర్గం, మూడుసార్లు వేసి గుణిస్తే ఘనం, ఇంతే కావలసింది. ఏ వర్గానికి రెండు కలిపితే ఘనం అవుతుంది? అయిదు అయిదులు ఇరవై అయిదు, రెండు కలిపితే ఇరవై ఏడు, మూడు ఘనం. ఇంకోటి లేదు. పదమూడు కలిపితే? డెబ్బై వర్గానికి కలిపితే పదిహేడు ఘనం. ఇంకోటి లేదు. ఇరవై ఆరు కలిపితే? రెండు వందల ఏడు వర్గానికి ఇరవై ఆరు కలిపితే ముప్పై అయిదు ఘనం, నలభై రెండు వేల ఎనిమిది వందల డెబ్బై అయిదు. ఇంకోటి లేదంటుంది సిద్ధాంతం. ఇలా ఒక వరస సంఖ్యలకు ఒకే ఒక్క జవాబు, ఆ జవాబు ఏదో కూడా ముందే చెప్పేస్తుంది. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఒక చిన్న పత్రికలో అచ్చయింది. విడి ప్రతులు ఆయన బీరువాలో కట్టలుగా ఉన్నాయి, నాకు ఒకటి సంతకం పెట్టి ఇచ్చారు. ముప్పై అయిదు ఘనాన్ని క్లాసులో నా చేతే చేయించారు, చివర ఎనిమిది వందల డెబ్బై అయిదు వచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి, యాభై ఎనిమిదేళ్ల మనిషి బోర్డుకు ఆనుకుని చిన్నపిల్లవాడిలా నవ్వారు. అంత పెద్ద లెక్క కుదిరితే ఇంక ఎవరికి అనుమానం వస్తుంది. ముప్పై అయిదు దాకా పోయిన వాళ్లు ఒకటి, రెండు, మూడు దగ్గర ఆగి చూస్తారా? నేను చూశానా రెండేళ్లు?

మా అవ్వ వల్ల, అదే మా అమ్మ వల్ల చూశాను. శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో, బొగ్గు గనివాళ్లిచ్చిన కాలరీ క్వార్టర్ ముందు గదిలో, అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది, నేను ఎదురుగా కూర్చుని సెమినారుకు రాసుకుంటున్నాను. పుట్టింట్లో నేర్చిన పని, బాపు వద్దన్నా మానదు, చేతులు ఊరికే ఉంటే పిచ్చి లేస్తుందంటుంది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా అంతగనం, నాకు సుత చెప్పరాదు," అంది. నీకు సమజ్ కాదే అవ్వా అన్నాను. "అయితదో కాదో నువ్వు చెప్పినంక గదా ఎరుకైతది," అంది మా అవ్వ పోచవ్వ, అదీ నిజమే. అవ్వకు చెప్పాలంటే వర్గమూలాల దగ్గర మొదలు పెట్టలేం కదా, మొదటి మెట్టు మీద కూర్చోవాలి. ఇరవై అయిదు బీడీల కట్ట ఒకటి విప్పాను. అయిదు వరసలు, వరసకు అయిదు. విడిగా ఇంకో రెండు కలిపాను. ఇప్పుడు చూడు అని మూడు కుప్పలు చేశాను, కుప్పకు తొమ్మిది, ఒక్కో కుప్పలో మూడు మూళ్లు. అవ్వకు నచ్చింది. మూడు కుప్పలూ సమానంగా వచ్చాయని తల ఊపింది. అంతలో చెయ్యి చాపి ఒక బీడీ తీసి చాట బయట పెట్టింది. "గిది కొన ఊడింది, కంపెనీల తీసుకోరు. ఇగ ఇరవై ఆరే ఉన్నయ్," అంది. నేను చూశాను. ఇటు ఇరవై ఆరు, అటు ఒకటి. కలిపితే మూడు ఘనం. ఒకటి వర్గం ఒకటే కదా. ఒకటికి ఇరవై ఆరు కలిపితే ఘనం, సిద్ధాంతం లేదన్న ఇంకో జవాబు. "ఏమైందే గట్ల జూస్తున్నవ్?" అంది అవ్వ. ఏమీ కాలేదన్నాను. లేచి పోయి నీళ్లు తాగాను. వచ్చి చూస్తే బీడీ అక్కడే ఉంది.

తర్వాత నోట్సులో వెతికితే చోటు దొరకడానికి ఎంతసేపు. పదకొండో పేజీ. "ఉమ్మడి భాగం లేని రెండు సంఖ్యల లబ్ధం ఘనమైతే, క్లియర్లీ, రెండూ విడివిడిగా ఘనాలే." క్లియర్లీ అన్న మాటను ఎన్నడూ నమ్మొద్దని చెప్పిన మనిషి రాసిన క్లియర్లీ. మామూలు అంకెల్లో నిజమే, అవి ఒక్క తీరుగానే పగులుతాయి గనక. మైనస్ ఇరవై ఆరు వర్గమూలాన్ని లోపలికి రానిచ్చాక ఎక్కడిది ఆ భరోసా, ఇరవై ఏడే రెండు తీర్లుగా పగిలి కూర్చుంది. రెండుకు సరిపోయింది, పదమూడుకు సరిపోయింది, ఇరవై ఆరు దగ్గర ముప్పై అయిదు కళ్ల పండుగగా దొరికింది, దాని వెలుతురులో చిన్న మూడు ఎవరికీ ఆనలేదు. ఒక షరతు చేరిస్తే సిద్ధాంతం నిలబడుతుంది, నిన్న కూర్చుని అది కూడా చూసుకున్నాను, కానీ ఆ షరతు పెడితే ఇరవై ఆరు బయటికి పోతుంది, సార్ నవ్విన నవ్వు పోతుంది. అంతా పట్టుకుని పోయి ఆయన చేతిలో పెట్టాలా, రిటైరయ్యే వారంలో? పెట్టకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పద్నాలుగేళ్లుగా కానిది ఇప్పుడేమవుతుంది. ఈ తప్పు వల్ల ఎవరి పొయ్యీ ఆరిపోదు. పోనీ ఆయన నాకు చేసిన మేలు చూడు. బొంబాయిలో పరిశోధన సీటుకు నా గురించి ఉత్తరం రాసి పోయిన వారమే పోస్టు చేశారు. అది ఇంకా వెయ్యకుండా ఉంటే, భయపడి నోరు మూసుకున్నానని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

రామగుండం వచ్చింది. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కిటికీలో కదలకుండా నిలబడ్డాయి, బండే నిలబడింది కాబట్టి. ఎదురు సీట్లో టమాటల గంప పెట్టుకున్న ముసలమ్మ నన్నే చూస్తోంది. నేను వేళ్ల మీద లెక్క పెడుతున్నట్టున్నాను. పేరు ఐలవ్వట, రాఘవపురంలో దిగుతుందట, అడక్కుండానే చెప్పింది. "పరీక్ష ఉన్నదా బిడ్డా, గంత పరేషాన్ అయితున్నవ్?" అంది. ఉన్నదన్నాను. "మంచిగ రాస్తవ్ తియ్యి, ఫికర్ చెయ్యకు," అని ఒక టమాట తుడిచి ఇచ్చింది. కొరికాను, పుల్లగా ఉంది. మంచిగా రాయడమే కదా వచ్చిన తంటా. బోర్డు మీద సిద్ధాంతాన్ని మంచిగా రాయగలను, పదకొండో పేజీ దగ్గర క్లియర్లీ అని ఒక చిరునవ్వు కూడా నవ్వగలను, చప్పట్లు కొడతారు, దండ వేస్తారు, సార్ సుల్తానాబాద్ పోయి పొలం చూసుకుంటారు. నేను బొంబాయి పోతాను. ఎక్కడికి పోయినా ఆ బీడీ నాతోనే వస్తుందని ఇప్పుడే తెలియదా నాకు, తెలుసు. థూ, నాకీ చదువెందుకు అనిపిస్తుంది ఒక్కోసారి.

బాపును అడిగాను శనివారం, షిఫ్టు దిగి స్నానం చేసి కూర్చున్నాక. నేరుగా అడగలేదు. మనకంటే పెద్దాయన, మనకు మేలు చేసినాయన పనిలో తప్పు కనపడితే ఏం చెయ్యాలి బాపు అన్నాను. మా బాపు భూమన్న గనిలో కప్పు తట్టి చూసే మనిషి. పొడుగాటి రాడుతో తలమీది రాతిని తడతాడు, గట్టిదైతే ఖంగుమంటుంది, లోపల పొర విడిస్తే బోలు మోత వస్తుంది, ముప్పై మంది ప్రాణం ఆయన చెవి మీద ఉంటుంది. నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా పాత ముచ్చట ఒకటి ఎత్తుకున్నాడు. ఒకసారి బోలు మోత వినపడి షిఫ్టు మీద అజమాయిషీ చేసే సర్దార్ ఇస్తారికి చెప్పాడట, ఈయనకు పని పెట్టించినాయన ఆ ఇస్తారే, ఆయన అప్పుడే ఆ చోటు చూసి బాగుందని పోయాడట. అయినా అందరినీ బయటికి పంపించారు. కప్పు పడలేదు. ఆ షిఫ్టులో పడలేదు, ఆ ఏడాదిలో పడలేదు, ఆ చోటు మూసేసేదాకా పడనే లేదు. అప్పటి నుంచి బాపుకు బోలు భూమన్న అని పేరు. నాకు చిన్నప్పటి నుంచి ఆ పేరు తెలుసు, ఎందుకొచ్చిందో ఆ రోజే తెలిసింది, బడిలో ఆ పేరుతో ఏడిపించినవాళ్లంతా గుర్తొచ్చి మండిపోయింది. "మరి ఇస్తారి తాత ఏమన్నడు?" అన్నాను. "ఏమంటడు. ఆరు నెలలు నాతోని మాట్లాడలే." "మల్ల ఎన్నడన్న ఇనపడితే చెప్పినవా?" "ఎందుకు చెప్ప? కప్పు పడకుంటే నాకేమన్న నష్టమా? పడలేదని నేను సుత సంబరపడ్డ," అని పళ్లెం ముందుకు లాక్కున్నాడు. ఆ పేరును అంత తేలిగ్గా మోశాడని నాకు తెలియదు. అయినా బాపుకు దొరికింది ఒక మోతే, నా దగ్గర ఇరవై ఏడు ఉంది, కాదనడానికి వీల్లేని ఇరవై ఏడు, నాకు ఇంకా ధైర్యం ఉండాలి కదా. లేదు. ఆరు నెలలు సార్ నాతో మాట్లాడకపోతే నేను బతకలేనేమో అనిపిస్తోంది, పెద్ద మాటే, కానీ అలాగే అనిపిస్తోంది.

రాఘవపురంలో ఐలవ్వ దిగిపోయింది. పెద్దపల్లి ఔటర్ సిగ్నల్ దగ్గర బొగ్గు గూడ్సుకు దారి ఇచ్చి మా బండి ఆగింది. ఒక్కో వ్యాగనూ పోతుంటే లెక్క పెట్టాను, ఇరవై ఆరు దగ్గర ఆపుకున్నాను, ఇదేం పాడు అలవాటు. మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి పట్టాల పక్కన. చెప్పను. నిశ్చయించుకున్నాను. ఆయన రిటైరయ్యాక, బొంబాయి నుంచి, ఉత్తరం రాస్తాను, మర్యాదగా, షరతుతో సహా. ఉత్తరమైతే మొహం చూడక్కర్లేదు. ఆ మాట అనుకోగానే భుజాలు తేలికయ్యాయి, ఇంత చిన్న ఉపాయానికి మూడు రోజులు పట్టిందా అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను. బండి కదిలింది. సార్ మూడో బోగీ ఆగే చోటే నిలబడి ఉన్నారు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల లాల్చీ వేసుకుని, మెడ దగ్గర బట్టలకు పెట్టే నీలిమందు మరక అలాగే ఉంది. లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "తయారైనవా అమ్మా? గొంతు జర పెద్దగ చెయ్యి ఇయ్యాల, ఎన్క కూసున్నోళ్లకు ఇనపడాలె," అన్నారు. తయారైనాను సార్ అనడానికే నోరు తెరిచాను.

"సార్, మూడు," అన్నాను.

"ఏం మూడు?"

"మూడును మూడుసార్లు వేసి గుణించండి సార్."

ఆయన నవ్వారు. నేనేదో పొడుపుకథ వేస్తున్నానని అనుకున్నట్టున్నారు. "ఇరవై ఏడు," అన్నారు.

"ఇరవై ఆరు తీసెయ్యండి."

"ఒకటి," అన్నారు, నవ్వుతూనే. ఆ నవ్వు తీసెయ్యడం మరిచిపోయినట్టు మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాపారు. నోట్సు ఇచ్చాను. తెరిచి నేరుగా పదకొండో పేజీకి పోయారు. నేను చూపించలేదు, ఆయనకే తెలిసింది ఎక్కడో. జేబులోంచి పెన్ను తీశారు గానీ ఏమీ రాయలేదు. కొలనూరు పోయింది, ఓదెల పోయింది, పొత్కపల్లిలో ఎవరో నీళ్లు అడిగితే నేనే ఇచ్చాను. ఆయన వైపు చూడలేక నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను, నన్ను తిట్టండి సార్ అని లోపల అంటూనే ఉన్నాను. ఎవరు చెప్పమన్నారే నిన్ను, ఉత్తరం రాస్తానన్నావు కదా, అయిదు నిమిషాలు నిలబడలేదా నీ మాట.

"తప్పే," అన్నారు చివరికి. గొంతు మామూలుగానే ఉంది. నన్ను కాకుండా నోట్సును చూస్తూ అన్నారు, "అనసూర్యా, ఇయ్యాల మా అన్న వస్తుండు. జగపతిరావు. రైస్‌మిల్లు చూసుకుంటడు. ముప్పై ఏండ్ల సంది, గా లెక్కల్ల ఏం చేస్తవ్‌రా నువ్వు అని అడుగుతనే ఉన్నడు. మొదటిపారి చూడనీకి వస్తుండు. మా ఇంటామె సరళ సుత వస్తున్నది. గిది రేపు చెప్పరాదు బిడ్డా?"

సరే సార్ అన్నాను. ఆయన మాట పూర్తి కాకముందే అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను, రైలు దిగి పరుగెత్తాలనిపించేంత హాయి, వెంటనే దాని వెనకాలే సిగ్గు, ఆయన మీద కూడా కొంచెం కోపం, ఎందుకడిగారు, మీరు అడగకూడని మనిషి కదా సార్. జమ్మికుంటలో జనం ఎక్కారు. సార్ జరిగి ఒకరికి చోటిచ్చారు. నోట్సు మూసి మోకాళ్ల మీద పెట్టుకుని, అట్ట మీద వేలితో ఏదో రాస్తున్నారు, అంకెలే అయి ఉంటాయి.

జమ్మికుంట అవతలి ఉప్పల్ స్టేషను దాటాక మొదలుపెట్టారు, నాతో అన్నట్టు లేదు. "రెండు వందల మందికి పంపిన గీ కాయితం. ఢిల్లీకి పంపిన, మద్రాసుకు పంపిన. మంచిగున్నదని జవాబు రాసినోళ్లు ఉన్నరు. మూడును గుణించి చూసినోళ్లు ఒక్కలు లేరు. అంటే ఎవ్వలు చదవలే. పద్నాలుగేండ్లు నేను గది ఎరుక లేకుంటనే తిరిగిన." నా వైపు తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చదివిన పిల్ల ఒక్కతి ఇన్నేండ్లకు దొరికితే, రేపు చెప్పుమంటున్న. నేనేం మనిషిని?"

నాకు ఏడుపు ఆగలేదు. "నాతోని కాదు సార్. మీ అన్న ముంగట నేను చెప్పలేను," అన్నాను.

"నువ్వెందుకు చెప్పుడు. నువ్వు ముందటి బెంచీల కూసో. నేనే చెప్త," అన్నారు. కాజీపేట వస్తోందని జనం లేచి సామాన్లు దించుకుంటున్నారు, ఆయన కూడా లేచి నిలబడ్డారు, లాల్చీ కిందికి లాగి సరిచేసుకున్నారు. "మా అన్నకు ముప్పై అయిదు ముచ్చట ఎన్నడు సమజ్ కాదమ్మా. ఇరవై ఏడైతే సమజ్ అయితది."